ఒక్కరికే వచ్చే బగ్

నమోదు 311

ఇవాళ ఫ్రీజ్ మొదలైంది. విడుదల సంఘం పెద్ద విశాలాక్షి గారు మైకులో ఆ మాట అనగానే టెస్టింగ్ వాడంతా కంచాలు వాయించారు. ఇక కొత్త ప్యాకేజీలు రావు, కొత్త హంగులు రావు, ఉన్న తప్పులు దిద్దుకోవడమే మిగిలింది. అవి దిద్దాక విడుదల. విడుదలంటే రెండు వాడల మధ్య తలుపు తీస్తారు.

సంరక్షకుల చిట్టాలో ప్యాకేజీ సంగతులు తప్ప సొంత గోడు రాయకూడదని నియమం ఉంది. రొమ్ముకి కట్టుకునే ఊపిరిపెట్టెని నడిపించే ప్యాకేజీకి సంరక్షకురాలిని నేను. ఈ చిట్టా తిరగేసేది కూడా నేనొక్కదాన్నే. అందుకని రాస్తాను, ఎవరికైనా కష్టంగా ఉంటే చదవడం మానేయొచ్చు.

పద్ధతి పాతదే. మనుషులు నేల మీద బతుకుతూ కంప్యూటర్లలో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడుపుకునే రోజుల్లో పెట్టుకున్నదాన్ని మావాళ్ళు సముద్రం అడుక్కి తెచ్చుకున్నారు. స్టేబుల్ వాడలో పిల్లలు, పెద్దవాళ్ళు, ఒంట్లో నలత ఉన్నవాళ్ళు, వంటవాళ్ళు ఉంటారు. టెస్టింగ్ వాడలో మాలాంటి మొండిఘటాలు. నీటి వడపోతకైనా ఊపిరిపెట్టెకైనా కొత్త వెర్షన్ వస్తే ముందు మా కుళాయిల్లో, మా రొమ్ముల మీద నడుస్తుంది. మేం తేలికగా బతికితే అది మంచి వెర్షన్. స్టేబుల్ వాళ్ళు మాత్రం పాతదాన్నే వాడుతూ హాయిగా నిద్రపోతారు. ఆ నిద్ర కోసమే మేమున్నాం.

ఒక వాడలో గాలి యంత్రానికీ అందరి పెట్టెలకీ ఒకటే వెర్షన్ ఉండాలి. లేకపోతే లయ తప్పి గాలి అందదు. కొత్త లయకి అలవాటు పడ్డ ఊపిరితిత్తులు పాతదానికి తిరిగి రావు. డౌన్‌గ్రేడ్ లేదు. అందుకని టెస్టింగ్‌కి వచ్చినవాళ్ళు విడుదలయ్యేదాకా అటువైపు అడుగు పెట్టలేరు. ఒక్క విడుదల కోసం అని ఒప్పుకుని వచ్చాను. మా ఆయన ఎల్లాజీ స్టేబుల్ వాడ ఉమ్మడి వంటింట్లో వంట చేస్తాడు. చిన్నప్పుడు సముద్రం పైన తేలుడు గట్టు మీద నిప్పంటుకున్నప్పుడు పొగ పీల్చిన పిల్లల్లో ఆయనొకడు. పొగ ఊపిరి వాళ్ళని టెస్టింగ్‌లోకి తీసుకోరు. లేకపోతే నా వెనకాలే వచ్చేసేవాడు.

రెండు వాడల మధ్య గోడలో ఉన్న అద్దం దగ్గర ఎంతసేపు మాట్లాడినా చాలక ఫిర్యాదుల డబ్బాలో బగ్గులు రాసి పంపుతాడు. ఇవాళ్టిది: "ప్యాకేజీ: ఊపిరిపెట్టె. తప్పు: పక్కన గురక వినిపించడం లేదు. తీవ్రత: అత్యవసరం." ఇక్కడ అలాంటి తప్పేమీ కనబడలేదని జవాబు రాసి మూసేశాను. వెంటనే మళ్ళీ తెరిచాడు. ఈ మనిషితో వేగడం నా వల్ల కాదు, కానీ త్వరలో వేగాల్సి వస్తుందంటే ఒళ్ళంతా సంతోషంగా ఉంది.

నమోదు 318

కామేశు కుప్పకూలాడు. తూర్పు పంపు దగ్గర పనిచేస్తాడు, ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. చన్నీళ్ళలో పనిచేసి వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నీలంగా మారిపోయాడు. నర్సమ్మ చేత్తో గాలి తిత్తి నొక్కుతూనే ఉంది.

పెట్టె విప్పి చూశాను. పెట్టె బాగానే ఉంది. దాని పని అది చేస్తోంది. కామేశు ఊపిరే దాని లయకి అందడం లేదు. డాక్టర్ రెహానా ఛాతీ ఫోటో తీసి నన్ను పిలిచింది. పొగ మచ్చలు. ఆ నిప్పు తర్వాత మళ్ళీ చిన్నదొకటి అంటుకుంది, అందులో పీల్చాడట. టెస్టింగ్ వాడలో ఒక పిల్లంటే ఇష్టమట, ఆ పిల్ల కోసం పొగ సంగతి దాచిపెట్టి వచ్చేశాడు.

అప్పుడు తెలిసింది మేమెంత తెలివైనవాళ్ళమో. కొత్త వెర్షన్ ఇన్నాళ్ళూ మామీద బాగా నడిచింది, ఎందుకంటే అది ఎవరికి పడదో వాళ్ళెవరూ ఇక్కడ లేరు. ఉండనివ్వలేదు. వాళ్ళందరూ స్టేబుల్‌లో ఉన్నారు. విడుదల రోజున ఈ వెర్షన్ వాళ్ళ రొమ్ముల మీదికి వెళ్తుంది. మా ఆయన రొమ్ము మీదికి కూడా.

బగ్ రాశాను. తీవ్రత దగ్గర చెయ్యి ఆగింది. తీవ్రం అని పెడితే విడుదల ఆగిపోతుంది. పెట్టాను.

నమోదు 321

కామేశు పోయాడు. ఆ పిల్ల ఆస్పత్రి వరండాలోనే కూర్చుని ఉంది.

వాడలో నన్ను చూసి మొహాలు తిప్పుకుంటున్నారు. పక్కింటి పార్వతీశానికి ఇద్దరు పిల్లలు అటువైపు ఉన్నారు, చిన్నదానికి తండ్రంటే అద్దంలో బొమ్మ. కుళాయి దగ్గర పట్టుకున్నాడు.

"అక్కా, ఒక్క మాటడుగుతాను, కోప్పడకు. పొగ ఊపిరోళ్ళు మొత్తం కలిపి ఎంతమందున్నారు?"

"ఆరుగురు."

"ఆరుగురి కోసం ఊరంతా ఆగాలా?"

"అందులో మా ఆయనొకడు. ఆ లెక్క కూడా వేసుకుని మాట్లాడు" అన్నాను.

బిందె అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. బిందె నిండాక నేనే తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టాను. వాడి మీద కోపం రాలేదు. ఆ చిన్నది అద్దానికి అరచెయ్యి ఆనించడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

నమోదు 340

ఎన్ని రకాలుగా దిద్దినా కుదరలేదు. కొత్త గాలి యంత్రం లయే వాళ్ళకి పడదు. లయ మారిస్తే మిగతా ఊరికి పడదు.

విశాలాక్షి గారు నన్ను తన గదికి పిలిచి తలుపు వేశారు. అరిచే మనిషి కాదు. ఈరోజు మరీ మెల్లగా మాట్లాడారు.

"మాణిక్యం, పొగ ఊపిరి వాళ్ళని పాత వెర్షన్ మీదే ఉంచుతామమ్మా. పడమటి గిడ్డంగిని వాడలా మార్చి, పాత గాలి యంత్రం అక్కడికి తరలిస్తాం. పాత స్టేబుల్ అని పేరు. బాగానే చూసుకుంటాం. మిగతా అందరికీ విడుదల."

"నేను?"

డౌన్‌గ్రేడ్ చేసుకుని ఆయన దగ్గరికే వెళ్తాను, రాసిస్తాను, నా ప్రాణానికి నాదే పూచీ అన్నాను.

"ఇదివరకు చేసుకున్నవాళ్ళ సంగతి నీకు తెలియదా? నువ్వే కదమ్మా ఆ పెట్టెలు విప్పి చూసింది."

నేనే విప్పి చూశాను. ఒక్కరూ తెల్లారి లేవలేదు.

నమోదు 347

విడుదల.

తలుపు తీశారు. పార్వతీశం పరుగెత్తలేదు. గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు, చిన్నదే పరుగెత్తుకొచ్చి వాడి మీసం పట్టుకుని లాగింది. జనమంతా ఏడుపులు, నవ్వులు. నన్ను కూడా ఎవరెవరో కావలించుకున్నారు. పార్వతీశం వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

నేను మా ఇంటికి వెళ్ళాను. ఇన్నేళ్ళ తర్వాత మా ఇంటి గుమ్మం. లోపల అన్నీ తుడిచి పెట్టాడు. పొయ్యి మీద గిన్నెలో చింతపండు పులుసు ఇంకా వెచ్చగా ఉంది. పొద్దున్నే వండి పెట్టి పాత స్టేబుల్‌కి వెళ్ళిపోయాడు. తలుపు తీయకముందే వాళ్ళారుగురినీ తరలించాలి కదా, అది కూడా పద్ధతే.

నేను ఇల్లు చేరాను, ఆయన ఇంట్లో లేడు. అన్నం కలుపుకుని కూర్చుని తినలేక వెక్కి వెక్కి ఏడ్చాను.

నమోదు 349

పాత స్టేబుల్ గోడకి కూడా ఒక అద్దం పెట్టారు. పక్కన మాట్లాడే గొట్టం.

"పులుసెలా ఉంది?" అన్నాడు.

"ఉప్పు ఎక్కువైంది."

"అబద్ధాలాడకే. నా చేత్తో ఉప్పెప్పుడు ఎక్కువైంది?"

"మావా, నేను ఆ బగ్ తీవ్రం అని పెట్టకపోయుంటే నువ్వు ఇంట్లో ఉండేవాడివి."

"ఉండేవోణ్ణి. ఫొటోలో. దండేసి." అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాను.

పాత వెర్షన్‌కి సంరక్షణ చూసేవాళ్ళు కావాలని నోటీసు పెట్టారు. ఎవరికీ పట్టని పని. అందరూ కొత్తదాని వెంట పడతారు, పాతదానికి బూజు దులిపేవాళ్ళు ఉండరు. నేను పేరు ఇచ్చేశాను. ఆయన ఊపిరి పీల్చే ప్రతిసారీ నా ప్యాకేజీ పనిచేయాలి. ఇక మా కాపురం అంటే అదే.

నమోదు 402

చలి ప్రవాహం ఈసారి తొందరగా వస్తోందని నీటి వాళ్ళు చెప్పారు. పాత వెర్షన్‌లో ఒక లోపం ఉంది. నీళ్ళు బాగా చల్లబడితే పెట్టె తడబడుతుంది. పెద్ద వాడలో ఉన్నప్పుడు వెచ్చటి గొట్టాలు ఉండేవి కాబట్టి బయటపడలేదు. గిడ్డంగి గోడకి అవతల ఉత్త సముద్రమే. ప్రవాహం తగిలిందంటే ఆరుగురిలో ఒక్కరూ మిగలరు.

దిద్దడం పెద్ద కష్టం కాలేదు, లయ జోలికి పోనక్కర్లేదు కాబట్టి ఒక్క పెట్టెకైనా ఎక్కించొచ్చు. పరీక్షించడమే కష్టం. ఎవరి మీద పరీక్షించాలి? టెస్టింగ్ వాడలో ఇప్పుడు పాత వెర్షన్ మనిషి ఒక్కడూ లేడు. ఊరు మొత్తంలో ఆ వెర్షన్ మీద ఊపిరి పీలుస్తున్నది ఆ ఆరుగురే. నిలకడగా ఉన్నవాళ్ళ మీద పరీక్షలు చేయకూడదనే కదా అసలు ఇదంతా పెట్టుకున్నది.

అద్దం దగ్గర విషయం చెప్పాను. మిగతా ఐదుగురూ వెనక నిలబడి విన్నారు. అందరికన్నా పెద్దాయన పెద్దబ్బులు గారు, "నేను వేసుకుంటానమ్మా, నేనెలాగూ ఒడ్డునున్నాను" అన్నారు.

మా ఆయన ఆయన్ని వెనక్కి జరిపాడు. "మీరాగండి బాబాయ్. ఇది మా ఇంటి యవ్వారం." గొట్టం దగ్గరికొచ్చి, "నాకు ఎక్కించెయ్యవే మాణిక్కం" అన్నాడు.

"అందరిలో నీ ఊపిరే బాగా చిన్నది. నీకు వద్దు."

"చిన్నది కాబట్టే. నాకు పడితే అందరికీ పడినట్టే కదా. ఇన్నేళ్ళూ మా అందరికన్నా ముందు నువ్వు పీల్చావు. ఒక్కసారి నన్ను పీల్చనివ్వు."

పోట్లాడాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వింటూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. పెళ్ళైన కొత్తలో కూడా ఇలాగే వినేవాడు, చివరికి తనకి కావలసిందే చేసేవాడు.

ఎక్కించాను. పది రోజుల గడువు మొదలైంది. ఈలోగా తీవ్రమైన ఫిర్యాదు రాకపోతే మిగతా ఐదుగురికీ ఇవ్వొచ్చు. తీవ్రమైనది వస్తే దిద్ది, మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క. ప్రవాహం అంతదాకా ఆగదని నీటి వాళ్ళ మాట.

నమోదు 405

చిన్నా చితకా ఫిర్యాదులు ఒక డబ్బాలో పడతాయి. గడువు నడుస్తుండగా ఆ డబ్బా తెరవకూడదు. తెరిస్తే సంరక్షకులకి చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి సవరిస్తారు, సవరిస్తే గడువు మళ్ళీ మొదలవుతుంది. ఎంతోమంది అలా ఏళ్ళ తరబడి ప్యాకేజీని బయటికి పోనివ్వకుండా నాశనం చేశారు. అందుకని గడువులో తీవ్రమైనవే చదవాలి.

తీవ్రమైనది ఒక్కటీ రాలేదు. చల్లటి గొట్టం ఛాతీకి ఆనించుకుని కూర్చున్నాడట, పెట్టె తడబడలేదు. అద్దంలోంచి బొటనవేలు చూపించాడు.

నమోదు 408

మనిషి కళ్ళు పీక్కుపోయాయి. కుర్చీలో గోడకి ఆనుకుని పడుకుంటున్నాడని పెద్దబ్బులు గారు చెప్పారు.

"ఏమైంది మావా?"

"నడుం పట్టేసిందే. గిడ్డంగి నేల గట్టిది. కూర్చుంటే హాయిగా ఉంది."

"ఊపిరి?"

"నీ పెట్టెకేమే, బెమ్మాండంగా ఉంది. చలి మాటే తెలీటం లేదు."

పరుపు పంపించాను. రెండు పరుపులు పంపించాను. వాడల మధ్య సామాను దాటించే గదిలోంచి అవి వెళ్ళడం చూసి, నాతో ఎకసెక్కాలాడాడు, అత్తవారి సారె ఇప్పటికి వచ్చిందన్నాడు.

నమోదు 410

పొద్దున కబురొచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషి నిద్రలో పక్కకి ఒరిగి పరుపు మీదికి జారాడట. ఎవరూ చూడలేదు. చూసినా పడుకున్నాడనుకునేవాళ్ళు.

అద్దం ఇవతలే నిలబడ్డాను. అటు వెళ్ళడానికి లేదు. పెద్దబ్బులు గారు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నాకు కనబడేలా కూర్చున్నారు. నా మావ. నా ఎల్లాజీ.

పద్ధతి ప్రకారం చనిపోయినవాళ్ళ ఫిర్యాదులన్నీ చూడాలి. చిన్న ఫిర్యాదుల డబ్బా తెరిచాను. ఆయనది ఒకటే ఉంది. పరీక్ష మొదలైన మూడోరోజుది.

"ప్యాకేజీ: ఊపిరిపెట్టె, పాతది. తప్పు: పడుకుంటే నా ఊపిరి బాగా చిన్నదవుతోంది. అది వచ్చినట్టు పెట్టెకి తెలియక అలా ఆగిపోతోంది. ఉలిక్కిపడి లేచాను. కూర్చుంటే ఏ బాధా లేదు. డాక్టరమ్మ చార్టులో చూశాను, అంత అడుగున ఉన్నది నా గీత ఒక్కటే, మిగతా ఐదుగురివీ చాలా పైనున్నాయి, వాళ్ళకి రాదు. పాలసీలో ఒక్కరికే వచ్చేది స్వల్పం అని ఉంది కాబట్టి తీవ్రత: స్వల్పం. గడువయ్యేదాకా కూర్చునే పడుకుంటాను. వాళ్ళకి ఇచ్చేశాక నిదానంగా చూడు. కంగారు లేదు."

కంగారు లేదట. పాలసీ చదివాడు. జన్మలో ఒక్క కాగితం పూర్తిగా చదవని మనిషి ఆ దిక్కుమాలిన పాలసీ మొత్తం చదివాడు, నాకు తెలియకుండా ఉండే చోటు ఏదో వెతుక్కోవడానికి.

నమోదు 411

డాక్టర్ రెహానా ఐదుగురి చార్టులూ నా ముందు పెట్టింది. ఆయన చెప్పింది నిజమే. వాళ్ళకి రాదు. అద్దం ఇవతల నుంచే చెప్పి వాళ్ళని పడుకోబెట్టించి, దుప్పటి కప్పించి, రకరకాలుగా కొలిపించింది. అంత అడుక్కి ఎవరి ఊపిరీ దిగలేదు.

విశాలాక్షి గారు కూడా వచ్చారు. "మనిషి పోయాడు మాణిక్యం. తీవ్రత పెంచే హక్కు నీకుంది. పెంచుతానంటే నేను కాదనను. గడువు మాత్రం మళ్ళీ మొదలవుతుంది."

"ప్రవాహం ఎంత దూరంలో ఉందండి?"

"ఎల్లుండి తగులుతుందంటున్నారు."

ఫిర్యాదు తెరిచి పెట్టుకుని అద్దం దగ్గర కూర్చున్నాను. స్వల్పం అన్న చోట వేలు పెట్టి ఉంచాను. నా మొగుడు చచ్చిపోయాడు, దాని పక్కన ఆ మాట ఉంది. ఆ మాటని చీల్చి పారేయాలని ఉంది. ఊరంతా తిరిగి అది స్వల్పం కాదని అరవాలని ఉంది. పెద్దబ్బులు గారు అద్దం అవతల నిలబడి చూస్తున్నారు. అడగడం లేదు, బతిమాలడం లేదు, ఊరికే చూస్తున్నారు.

మార్చలేదు. అలాగే ఉంచాను.

నమోదు 413

గడువు ముగిసింది. నిన్న ఐదుగురికీ ఎక్కించాను. ఇవాళ ప్రవాహం తగిలింది. గిడ్డంగి గోడలు మూలిగాయి. ఐదు పెట్టెల్లో ఒక్కటీ తడబడలేదు. అందరూ బతికే ఉన్నారు.

నమోదు 420

ఆ చిన్న ఊపిరి సంగతి దిద్దాను. నిజంగా చిన్న మార్పే. ఊపిరి ఎంత మెల్లగా వచ్చినా పెట్టెకి తెలిసేలా చేశాను. గాలి తిత్తి కట్టి, ఆయన ఊపిరంత మెల్లగా నొక్కి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. పాత స్టేబుల్‌లోకి తీసుకోమని అప్‌లోడ్ చేశాను.

విశాలాక్షి గారు కబురుపెట్టకుండా తనే మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

"బాగా రాశావమ్మా. అంతా చూశాను. ఒక్క మాట చెప్పు. ఆ తప్పు ఇప్పుడున్న ఐదుగురిలో ఎవరికైనా వస్తుందా?"

"రాదండి."

"మరి స్టేబుల్‌లోకి ఎలా తీసుకోమంటావు? బాగా నడుస్తున్న పెట్టెల్ని కదపాలంటే ఎవరో ఒకరికి దాని అవసరం ఉండాలి కదమ్మా."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చెప్పింది సరైనదే. ఆ కుర్చీలో నేనున్నా అదే చెప్పేదాన్ని, ఇన్నేళ్ళూ ఎందరికో అదే చెప్పాను. సరేనండి అన్నాను. గుమ్మందాకా వెళ్ళి పంపించి వచ్చాను.

మా ఆయన వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోగల వెర్షన్ ఒకటి నా దగ్గర ఉంది. అది ఇంక ఎవరికీ అక్కర్లేదు.